కంపెనీ కోట ఫిరంగి చెప్పిన బుస్సీ కథ

విశాఖపట్నం ఇంగ్లీషు కంపెనీ కోటలో సముద్రం వైపు మూతి తిప్పి నిలబెట్టిన ఇనుప ఫిరంగి ఇది. శత్రువు ఓడ మీదే వస్తాడని అందరి లెక్క. 1757 జూన్‌లో వచ్చినవాడు మాత్రం నేల మీదుగా, బొబ్బిలి దారిన వచ్చాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ.

మందు, గుండు ఉంటే చాలదు, గోలందాజుకు జీతం అందాలి. అతను రాని రోజు ఫిరంగి ఉత్త ఇనుము. అందుకే ఈ ఫిరంగి బుస్సీ కథను యుద్ధాల వరసన కాక జీతాల వరసన చెబుతుంది.

1751లో అప్పటి నిజాం ముజఫర్ జంగు కడప సీమలో హతుడైతే, అతని వెంట ఉన్న బుస్సీ సలాబత్ జంగును నిజాంగా నిలబెట్టాడు. రెండేళ్లకు బుస్సీ జబ్బుపడి మచిలీపట్నంలో ఉండగా దివాను లష్కర్ ఖాన్ ఫ్రెంచి సైన్యానికి జీతాలు బిగబట్టాడు. బుస్సీ తిరిగొచ్చి, ఆ జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులనే రాయించుకున్నాడు. సైనికుడు అలా పాలకుడయ్యాడు. ఒట్టోమన్ సుల్తాను సైన్యంలో చేరిన అల్బేనియా వాడు మహమ్మద్ అలీ 1805లో ఈజిప్టుకు అధిపతి అయ్యాడు. ఆ తోవలో అర్ధ శతాబ్దం ముందే నడిచినవాడు మన తీరంలో ఉన్నాడు.

1756లో సలాబత్ జంగు బుస్సీని కొలువు నుంచి తీసేశాడు. హైదరాబాదు చార్‌మహల్‌లో తలదాచుకుని, మచిలీపట్నం నుంచి అదనపు సైన్యం వచ్చేదాకా కాచుకుని, బుస్సీ పోయిన పదవిని మళ్లీ దక్కించుకున్నాడు. ఈలోగా సర్కారుల్లో శిస్తు ఆగింది. ఆ బకాయిల వసూలుకే తీరం వైపు కదిలాడు. వెంట విజయనగరం విజయరామరాజు. ఆయనకు బొబ్బిలితో పాత పగ. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో వెలమ దొరలు ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకుని, చివరిదాకా పోరాడి పడిపోయారు. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు.

శిస్తు కోసం బయలుదేరిన సైన్యం ఒక ఊరినే బూడిద చేసింది.

అదే మనిషి విశాఖలో మరోలా ఉన్నాడు. కోట లొంగాక తెల్లవాళ్లను ఖైదు చేసినా, సిపాయిలను నచ్చిన చోటికి పొమ్మన్నాడు. ఎవరు ఏ సొత్తు తమదన్నా వాదన పెట్టుకోకుండా ఇచ్చేశాడు. ఈ ఫిరంగి ఆ మర్యాదను చూసింది, మెచ్చుకుంది. దాని పేరు చెప్పి బొబ్బిలిని మాఫీ చేయడం మాత్రం దీని వల్ల కాదు.

1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ పిలుపుతో బుస్సీ దక్షిణానికి వెళ్లిపోయాడు. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి విశాఖలో ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. అక్టోబరులో బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డు దిగాడు. ఇక్కడా బేరం సైన్యం ఖర్చు మీదే: నెలకు 50 వేల రూపాయలు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. తీరా గెలిచాక రాజు డబ్బుకు వెనకాడాడు, ఫోర్డు సైన్యం కదలలేక నిలిచిపోయింది. చివరకు 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పట్టుకున్నాడు.

బుస్సీ 1760లో వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు చిక్కాడు. ఫ్రాన్సు వెళ్లి, 1783లో జబ్బు మనిషిగా కడలూరు యుద్ధానికి తిరిగొచ్చి, 1785 జనవరిలో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. అప్పటికి సర్కారుల శిస్తు ఇంగ్లీషు కంపెనీ ఖజానాకు చేరుతోంది.