ఆ రోజు అట్టా ఎందుకన్నావు

2024 జులై 1, సోమవారం. ముందురోజు అమ్మ సంవత్సరీకం పెట్టి, రాత్రి పెద్దమ్మ ఇంట్లోనే పడుకున్నాం. పల్నాడులో మా ఊరు. ఇంకా ఆరు కూడా కాలేదు, వాకిట్లోంచి "అమ్మమ్మా, పింఛనూ" అని కేక. సచివాలయం అమ్మాయి వేలిముద్ర మిషను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. యాభై ఏళ్ళు మిరపకాయలు కోసిన చేతులు, వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. బొటనవేలు పడలేదు. చూపుడువేలూ పడలేదు. కొంగుకేసి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. నాలుగోసారికి పడింది. ఆ అమ్మాయి ఏడు వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టింది. మూడు వేల వితంతు పింఛను నాలుగు వేలయింది, ఏప్రిల్ నుంచి మూడు నెలల తేడా కలిపి ఏడు.

కాఫీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడ్డ నేను ఒక మాటన్నాను. "తీసుకో పెద్దమ్మా, తీసుకో. మా జీతాల్లో కోసి మీకు పంచుతున్నారు."

ఆవిడ నా వంక చూసి నోట్లు మడిచి రొంటిన దోపుకుంది. ఏమీ అనలేదు. మా బావ, అంటే ఆవిడ అల్లుడు, అప్పుడే పొలం నుంచి వచ్చాడు. ఆ మాట పట్టుకుని గంటసేపు ఆయనతో పోట్లాడాను. పన్ను కట్టేది వందలో నలుగురైదుగురం, తినేది అందరూ అన్నాను. ఇట్లా పంచుకుంటూ పోతే రోడ్లకి డబ్బేదీ అన్నాను. మేం బయల్దేరుతుంటే పెద్దమ్మ ఎప్పటిలాగే మా అమ్మాయిని పక్కకి పిలిచి చేతిలో ఐదు వందలు పెట్టింది. ఆ పొద్దున వచ్చిన నోట్లలోదే అది. నేను చూశాను. చూసి కారెక్కాను.

మా బావతో ఈ వాదం కొత్తది కాదు. ఆయనదొక పార్టీ, నాదొక పార్టీ. 2014 అక్టోబరులో పింఛను 200 నుంచి 1000 అయింది, 2019 ఎన్నికల ముందు 2000 అయింది. ఆ ఏడే ప్రభుత్వం మారి 2250 చేసి, విడతలవారీగా పెంచుతూ 3000 దాకా తెచ్చింది. మళ్ళీ ప్రభుత్వం మారి 4000 అయింది. మా పార్టీ పెంచితే నేను సంక్షేమం అన్నాను, వాళ్ళ పార్టీ పెంచితే పందేరం అన్నాను. బావా అంతే, తిరగేసి. పదేళ్ళు వాదించుకున్నాం కానీ ఆ డబ్బుతో నువ్వేం చేసుకుంటున్నావని ఆవిడని ఇద్దరిలో ఒక్కరం కూడా అడగలేదు.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. వాదం ముదిరినప్పుడల్లా కన్నెగంటి హనుమంతు పేరు తెచ్చేవాణ్ణి. పుల్లరి కట్టనని తెల్లవాడికి ఎదురుతిరిగి 1922లో తుపాకీ గుళ్ళకి పడిపోయినవాడు పుట్టిన నేల మనది, అన్యాయప్పన్నుని ప్రశ్నించడం మన రక్తంలోనే ఉంది అనేవాణ్ణి. పుల్లరి అంటే ఏమిటి? అడవిలో గొడ్డు మేసినందుకు కట్టే పన్ను. గడ్డి తప్ప ఆధారం లేనివాళ్ళ కోసం ఆయన నిలబడ్డాడు. అలాంటి మనిషి పేరుని, ఒక వితంతువు పింఛను ఎక్కువైపోయిందని చెప్పడానికి వాడుకున్నాను.

మూడు వారాల తర్వాత బావ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. "బావా, అత్త నన్ను సచివాలయానికి తీసుకెళ్ళమంటోంది. పింఛను తగ్గించుకుంటానని రాసిస్తుందట. వాడికి జీతంలో కోస్తున్నారంట, ఇద్దరు పిల్లల చదువులు, ఇంటప్పు, నాకు రెండు వేలు చాలదా అంటోంది. అట్టా తగ్గించరత్తా అంటే వినటం లేదు. నువ్వే మాట్లాడు, నా వల్ల కాదు."

నేను నోటికొచ్చిందన్నాను. ఆవిడ అది నిజమని నమ్మి, నా మీద పడిన బరువు దించాలని చూస్తోంది.

ఆ రాత్రి మాట్లాడలేకపోయాను. జులై నెలాఖరుకి రిటర్నులు వెయ్యాలి, ఫామ్ 16 ముందేసుకుని కూర్చున్నాను. పదిహేనేళ్ళుగా నింపుతున్న గడులే. పాత పన్ను పద్ధతిలో ఇంటి రుణం వడ్డీ కింద రెండు లక్షలు, పొదుపులకిచ్చే 80సి కింద లక్షన్నర ఆదాయంలోంచి తీసేస్తారు. నాది ముప్పై శాతం శ్లాబు, సెస్సుతో కలిపి 31.2. అంటే వడ్డీ మీద 62,400, 80సి మీద 46,800. రెండూ కలిపితే లక్షా తొమ్మిది వేల రెండు వందలు. నేను కట్టాల్సి ఉండి కట్టకుండా ఏటా నా దగ్గరే ఉండిపోతున్న డబ్బు అది. పెద్దమ్మకి నెలకి నాలుగు వేలు, ఏడాదికి నలభై ఎనిమిది వేలు. నాకు ఆవిడ కన్నా రెట్టింపు పైనే అందుతోంది. నా కోసం ఎవరూ తెల్లవారుజామున మిషను పట్టుకుని రాలేదు, నా వేలు నాలుగుసార్లు నొక్కించలేదు. కాబట్టి అది ఇచ్చినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఇలాంటి రాయితీల వల్ల ఎంత రాబడి వదులుకుంటున్నదీ కేంద్రం 2006 నుంచి బడ్జెట్ పత్రాల్లోనే అచ్చువేస్తోంది. బడ్జెట్ రోజున టీవీ ముందు నుంచి కదలని నేను ఆ పట్టిక ఏనాడూ తెరవలేదు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను ముప్పై శాతం నుంచి ఇరవై రెండుకి తగ్గించినప్పుడు ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజు ఆఫీసులో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనొకణ్ణి. దాన్ని పందేరం అనాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు బావకి ఫోన్ చేసి, పెద్దమ్మ నెలకి ఏమేం కొంటుందో అడిగాను. బీపీ మాత్రలు, ఒంటి సబ్బులు, బట్టల సబ్బు, తలనూనె, టీపొడి, నూనె ప్యాకెట్లు, మనవడి కోసం బిస్కెట్లు, ఫోన్ రీచార్జి అని చెప్పాడు. అప్పట్లో సబ్బు మీద, తలనూనె మీద, బిస్కెట్ల మీద, రీచార్జి మీద జీఎస్టీ పద్దెనిమిది శాతం. మాత్రల మీద పన్నెండు. పది రూపాయల సబ్బులో రూపాయిన్నర పన్నే. ఎమ్మార్పీలో కలిసిపోయి ఉంటుంది, ఆవిడకి కనపడదు, రసీదు ఉండదు, రిటర్ను ఉండదు. పద్దెనిమిది శాతం సరుకు మీద నేను ఎంత కడతానో ఆవిడా అంతే కడుతుంది. రాబడి చూసి ఆవిడకి తగ్గించేవాళ్ళు లేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, తలనూనె, బిస్కెట్లు ఐదు శాతంలోకి వచ్చాయి, మంచిదే. కానీ పన్ను కట్టేది వందలో నలుగురైదుగురమే అని గడపలో నిలబడి నేనన్నది ఆ రోజూ అబద్ధమే. వెనక్కి వెళితే ఎప్పుడూ అబద్ధమే. 1939లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధంతో పోయిన రాబడి పూడ్చుకోడానికి అమ్మకం పన్ను తెచ్చారు. మా పల్నాడు ఉన్న గుంటూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. అంటే మా పెద్దమ్మ పుట్టకముందు నుంచే, అంగట్లో సరుకు కొనేవాళ్ళ దగ్గర పన్ను తీసుకుంటున్నారు.

ఆ పన్నులతోనే నేను చదువుకున్నాను. జిల్లా పరిషత్ హైస్కూలు, తర్వాత ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ. మా నాన్న రెండు టిక్కీల (బస్తాల) మిరపకాయలు అమ్మితే ఏడాది ఫీజు సరిపోయేది. మిగిలిన ఖర్చు ఎవరు పెట్టారు? కూలికెళ్ళి సబ్బుబిళ్ళ, కిరసనాయిలు కొనుక్కున్న వాళ్ళంతా పెట్టారు. వాళ్ళ పిల్లల్లో ఆ కాలేజీ గేటు దాటింది ఎందరు? పెద్దమ్మ కూతురు ఏడో తరగతితో ఆగిపోయింది.

ఖర్చుల మీద నా భయం మాత్రం పోలేదు, అది తప్పనీ అనుకోవడం లేదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు, పోయే రూపాయిలో 20 పైసలు వడ్డీ. రాష్ట్రాల అప్పులు సరేసరి. ఎవరికి ఇస్తున్నారని అడగాల్సిందే. 2018లో తెలంగాణలో రైతుబంధు సాయం మొదలైనప్పుడు ఎకరాల పరిమితి పెట్టలేదు, పట్టా ఉంటే చాలు. కౌలుకి తీసుకుని దున్నేవాడికి రాలేదు. మా ఆఫీసులో, అక్కడ పట్టా ఉండి నాగలి ముట్టనివాళ్ళకి కూడా ఆ డబ్బు పడింది. క్యాంటీన్‌లో వాళ్ళ పక్కనే కూర్చుని భోంచేశాను. తీసుకో, మా జీతాల్లో కోసి మీకు పంచుతున్నారు అని వాళ్ళలో ఒక్కరితోనూ అనలేదు. నా నోరు లేచింది పెద్దమ్మ దగ్గర.

ఆగస్టు రెండో శనివారం ఒక్కణ్ణే ఊరికెళ్ళాను. పెద్దమ్మ అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కందిపప్పు డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. మూత తీసి, పప్పులో చెయ్యి పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టిన ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. ఆగస్టు ఒకటిన ఇచ్చిన నాలుగు వేలు, ఒక్క నోటూ తీయలేదు. "నీ ఇంటప్పుకి పనికొస్తాయి, తీసుకెళ్ళు నాయనా" అంది.

కింద కూర్చుని చెప్పాను. నా జీతంలో కోసేది నీ పింఛను కోసం కాదన్నాను. సబ్బు సంగతి చెప్పాను, నా కాలేజీ సంగతి చెప్పాను, ఏటా నాకు మిగులుతున్న లక్షా తొమ్మిది వేల సంగతి చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. అంతా అయ్యాక కవరు మీద రబ్బరు బ్యాండు సర్దుతూ అడిగింది.

"మరి ఆ రోజు అట్టా ఎందుకన్నావురా?"

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ కాసేపు చూసి, కవరు మళ్ళీ పప్పులోకి దూర్చి మూత పెట్టింది. రాత్రికి ఉంటావా, ఎసట్లో నీకూ బియ్యం పొయ్యనా అని అడుగుతూ లేచింది.