ముందు ‘చిట్టి’ ఎయ్యండి!

దర్శి చుట్టుపక్కల తిరనాళ్లలో విద్యుత్ దీపాలు అమర్చిన ఎత్తైన ప్రభ ముందు గిటారు పట్టుకున్న కుర్రాళ్లకు ఒకటే ధర్మసందేహం: సొంత పాట పాడాలా, సినిమా పాట పాడాలా? సందేహం వాళ్లదేగానీ తీర్పు మాత్రం ప్రభ కమిటీది. సొంత పాట పల్లవి దాటకముందే ఓ పెద్దాయన స్టేజీ ఎక్కుతాడు. గాయకుడి చొక్కాకు పిన్నీసుతో ఐదొందల నోటు గుచ్చి, మైకుకు చెయ్యి అడ్డంపెట్టి, “బానే ఉందిగానీ అబ్బాయా, ముందు ‘చిట్టి’ ఎయ్యండి” అంటాడు. నోటు గుచ్చాక కాదంటే మర్యాదేనా?

ఇంతకీ ఆ ‘చిట్టి’ పాడిన రామ్ మిరియాల ఎవరు? ఒకప్పటి ‘చౌరస్తా’ బ్యాండు మనిషి. సినిమా అండ లేకుండా ‘ఊరెళ్లిపోతా మామా’ అంటూ యూట్యూబులో మోగించినవాడు. 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాకు ఈ ‘చిట్టి’ పాడాకే ప్రభలెక్కే యోగం పట్టింది. కమిటీకి సొంత పాటంటే కోపమేం లేదు, అది ఇంకొకరి సొంతమైతే చాలు!

కుర్రాళ్లకు ఓ ఉచిత సలహా. సొంత పాట ఎత్తుకునే ముందు “రాబోయే సినిమాలోది” అని మైకులో చెప్పేయండి. వన్స్‌మోర్ ఖాయం. హీరో ఎవరని అడిగితే మాత్రం, ఎదురుగా ఉన్నది ఏ అభిమాన సంఘమో చూసుకుని నోరు విప్పండి.