ఓడెక్కిన కోటా బియ్యం

ఆఫ్రికాలో కరువొస్తే అమెరికా తన ధాన్యాన్ని ఓడలకెత్తుతుంది. అందులో సగమైనా అమెరికా జెండా ఓడల్లోనే పోవాలని అక్కడో చట్టం. ఆకలి ఆగుతుంది గానీ ఓడ కిరాయి ఆగదు కదా! అక్కడి రైతు దగ్గరే కొని అక్కడే పంచుదామని ఐక్యరాజ్యసమితి వాళ్లకి 2008లో గట్టిగా తట్టింది.

మన సిక్కోలు, విజయనగరం ఆ దారిలోనే ఉన్నాయి. ఇక్కడి ధాన్యం ఇక్కడే కొని, ఇక్కడే ఆడించి, ఇక్కడి కోటా డిపోల్లో పంచుతారు. భేష్! కాకపోతే తేమ 17 శాతం దాటకూడదు. కొనుగోలు కేంద్రం మిషను సరేనంటుంది, మిల్లు మిషను అదే గింజని తడంటుంది. రెండు మిషన్లకీ రాజీ కుదరాలంటే బస్తాకి ఇంకొన్ని కిలోలు పడాలి. "ఏటి బాబూ, గింజెండితే తూకం తగ్గాల గానీ మా జేబెండడమేటి?" అని రైతు అడిగితే, వెనకున్న ట్రాక్టర్ల వరస చూపిస్తారు.

చోళ్లది, అదే రాగులది, ఇంకో కథ. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక అంబలి నామోషీ అయింది. 2023 మార్చి నుంచి బడిపిల్లలకి అదే చోళ్ల పిండి, బెల్లం వేసి జావ పోస్తున్నారు. సాలూరు కొండల్లో పండిన చోళ్లే కొంటే ఓడ మాట దేవుడెరుగు, పెద్ద లారీ కూడా అక్కర్లేదు.

ఇంతకీ మనం ఆఫ్రికాకి సాయపడట్లేదని ఎవరన్నారు? 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా ఓడలో అధికారులు రేషన్ బియ్యం పట్టుకున్నారు. అది పశ్చిమాఫ్రికాకి బయల్దేరాల్సిన ఓడే!

అయ్యా అధికారులూ, ఓడల సంగతి తర్వాత. ఈ ఖరీఫ్‌కైనా కేంద్రంలోనూ మిల్లులోనూ ఒకే తేమ మిషను పెట్టించండి.