నూటికి నూట ముప్పై

మనుషుల్ని లెక్కపెట్టాలంటే ప్రభుత్వం తలుచుకుంటే చాలు. రాళ్ల మీది నాచును లెక్కపెట్టాలంటే సముద్రం ఒప్పుకోవాలి. అదీ అమావాస్యకో పున్నమికో, నీళ్లు బాగా వెనక్కి తగ్గిన ఆ కాసేపు.

మా మేనకోడలు వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. విశాఖ తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గరికి సంచీ మోయడానికి నేను వెళుతుంటాను. అర మీటరు చదరపు పైపు చట్రాన్ని రాతి మీద పెట్టి, లోపల ఉల్వా నాచు ఎంత, సర్గాసమ్ నాచు ఎంత అని శాతాల్లో రాయాలి. ఈ చట్రాన్ని క్వాడ్రట్ అంటారు. దారినపోయేవాళ్లు మాత్రం "ఏం పోయిందమ్మా, ఉంగరమా?" అంటూ మాతోపాటు కాసేపు వెతికి, జాలిపడి వెళ్తారు.

పేచీ అంతా పద్ధతి దగ్గరే. కంటి అంచనాలో మా మేనకోడలు నలభై శాతమంటే స్నేహితురాలు అరవై అంటుంది. పెళ్లి జనం గురించి వంటవాడి లెక్కా, పెళ్లికూతురి తండ్రి లెక్కా ఎప్పుడైనా కలిశాయా?

వాదనెందుకని చట్రానికి దారాలు కట్టి, అవి కలిసిన ప్రతి చుక్క కింద ఏముందో రాశారు. మూలనున్న పాడైనా అనే చిన్న నాచు ఏ చుక్క కిందకీ రాక, లేనిదైపోయింది. పోనీ ఫోటో అంటే, పైన పరుచుకున్న సర్గాసమే కనిపిస్తుంది. చేత్తో ఎత్తి, కింది పొర కూడా కలిపితే మొత్తం నూట ముప్పై శాతం!

"తప్పు కాదు మావయ్యా, పొరలు కదా," అంది. మా రోజుల్లో నూటికి నూట ముప్పై వేస్తే మాస్టారి ఉద్యోగం పోయేది.

గీకి, ఆరబెట్టి తూస్తే బరువు కచ్చితంగా తెలుస్తుంది; తర్వాత అక్కడ చూడ్డానికి బోడిరాయి మిగులుతుంది. గట్టు నుంచి నీటి దాకా టేపు పరిస్తే ఏ ఎత్తులో ఏది పెరుగుతుందో తేలుతుంది. అయితే అలల వైపు చివర పట్టుకునేది ఎప్పుడూ మావయ్యే.

అంచనాలు కలవనంత మాత్రాన కంటిని తక్కువ చేయకండి. మేగన్ డెతియర్ అనే శాస్త్రవేత్త బృందం 1993లో కంటి అంచనానూ చుక్కల లెక్కనూ పోల్చి చూస్తే, రెండు శాతంలోపు ఉన్న జాతుల్ని చుక్కలు తరచూ వదిలేశాయి. తర్ఫీదు పొందిన కన్నే నిజానికి దగ్గరగా చెప్పింది.

కాబట్టి ఏ జాతులున్నాయో తెలియాలంటే కన్ను, ఏటేటా పైపొర మార్పుకు ఒకే చోట ఫోటో, బరువు కావాలంటే కోత. ఏది పట్టుకున్నా మధ్యలో మార్చకండి. మారింది నాచో, మీ పద్ధతో తర్వాత ఎవరూ తేల్చలేరు.