గది అద్దె మహాత్మ్యము

ఆరోగ్య బీమా పాలసీలను పోల్చి చూచుట యనునది మన మధ్యతరగతి గృహములయందు వరాన్వేషణమునకు దీటైన గంభీరకార్యముగా పరిణమించినది. గోత్రములకు మారు ప్రీమియములను, జాతకములకు మారు క్లెయిముల చెల్లింపు శాతములను పట్టికగా వేసి, ఒక కంపెనీకంటె వేరొక కంపెనీ ఏటికి మూడువందల రూపాయలు తక్కువకే అంతటి అభయమును ప్రసాదించుచున్నదని కనుగొనిన గృహస్థుడు, యమధర్మరాజుతో రాజీపత్రము వ్రాయించుకొన్నంత నిశ్చింతగా నిద్రించును. ఆయన పట్టికలో లేని గడి ఒక్కటే: గది అద్దె.

చౌక పాలసీలు కొన్నింటియందు గది అద్దె రోజునకు బీమా మొత్తములో 1 శాతమును మించరాదను నియమము కలదు. అనగా 5 లక్షల పాలసీకి రూ. 5,000. రోగి రూ. 10,000 గదిలో చేరెననుకొందము. పైబడిన అయిదువేలు తాను భరించినచో సరిపోవునని ఆయన తలంచును, అది లోకన్యాయము. బీమాన్యాయము ప్రకారము, గదిలో సగమునకే అర్హుడైనవాడు శస్త్రవైద్యునిలోను, మత్తు వైద్యునిలోను, ఆపరేషను థియేటరులోను, నర్సుల పరిచర్యలోను సగమునకే అర్హుడు. దీనికి ప్రపోర్షనేట్ డిడక్షన్ అని నామకరణము చేసినారు. ఆ పద్దులకు రూ. 1,20,000 అయినచో రూ. 60,000 రోగి నెత్తినబడును. కోసిన కడుపు ఒక్కటే, కుట్టిన దారము ఒక్కటే; అయినను గదికి కిటికీ పెద్దదైన పాపమునకు ఆపరేషను సగమే జరిగినదని కంపెనీ నిష్కర్షగా తేల్చును.

కంపెనీలనే ఆడిపోసికొనుట ధర్మము కాదు. గది హోదానుబట్టి వైద్యుని రుసుమును పెంచు ఆచారమును ఆసుపత్రులు పాటించుచుండగా, ఆ పెంపు మేమేల మోయవలెనని వారడుగుట సమంజసమే. సోఫాగల గదినుండి వచ్చిన రోగికి ఒక ధర, నలుగురున్న వార్డునుండి వచ్చినవానికి ఒక ధర కట్టునపుడు, ఒకే బల్లమీద, ఒకే దీపముక్రింద పనిచేయు ఆ వైద్యుని చేతికి సోఫా సంగతి ఎట్లు తెలియునో నాకు బోధపడదు. హైదరాబాదుననే కొలువున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొంత కనికరించి, మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత తగదనియు, గదినిబట్టి ధర మార్చని ఆసుపత్రులయెడ అసలే కూడదనియు శాసించినది. అట్టి ఆసుపత్రి యెక్కడ నున్నదో వెదకికొను స్వేచ్ఛ పాలసీదారునకు సంపూర్ణముగా కలదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వెలసిన ఆరోగ్యశ్రీ యను ప్రభుత్వ వైద్య పథకములో ఈ చిక్కు లేదు. అందు చికిత్సకొక ప్యాకేజీ ధర. గదులెంచుకొను భాగ్యము లేనందున గది పాపమును లేదు. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు నిలిపివేయుదుమని నోటీసులిచ్చుట మాత్రము కలదు. అయినను అందు తగవు ప్రభుత్వమునకు, ఆసుపత్రికిని నడుమ. లెక్కలు కట్టు పని రోగికి లేదు.

ఆ భారము ఆరోగ్యశ్రీ కార్డుకు నోచుకొనక, ప్రీమియము కట్టుకొన్న మనది. అర్ధరాత్రి అపెండిసైటిసు నొప్పితో మెలికలు తిరుగుచు అడ్మిషను కౌంటరు చేరినవానితో గుమాస్తా సౌమ్యముగా, “అయిదువేల గదులు ఖాళీ లేవండీ, పదివేలదైతే ఇప్పుడే ఇస్తాము” అనును. అంత నా పాలసీదారుడు ఒక చేత కడుపు, ఒక చేత కలము పట్టి, పదివేలకు అయిదువేలైనపుడు లక్షాయిరువదివేలకు ఎంతయని త్రైరాశికము కట్టవలెను. లెక్క తేలువరకు అపెండిక్సు చిట్లక ఓపిక పట్టవలెనను షరతు పాలసీలో నాకెక్కడను కనబడలేదు గాని, ఉండినచో బాగుండెడిది.