అడ్మిన్ గారికి కార్ఖానా పెన్షనర్ల బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ కార్ఖానా కాలనీ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ గారికి, రిటైర్డు సభ్యులు నమస్కరించి వ్రాయునది.

విషయం: మా నోళ్లకు వేసిన తాళం.

మొన్న రాత్రి మీరు ‘అడ్మిన్లు మాత్రమే’ బటన్ నొక్కారు. 2018లో వచ్చిన ఆ సదుపాయం రుచి మీకు ఇన్నాళ్లకు తెలిసింది. గ్రూపు మూసేశారు కాబట్టి ఉత్తరం వీధికెక్కింది.

గుడ్ మార్నింగ్ గులాబీలతో ఫోను నిండిపోతోందని మీ అభియోగం. నిజమే, మన దేశంలో ఫోన్లు ఎందుకు నిండుతున్నాయని ఆరా తీసిన గూగుల్‌కు దొరికిన దొంగల్లో అవీ ఉన్నాయి. కానీ మేం బతికున్నామా అని ప్రభుత్వం ఏటా నవంబరులో ఒక్కసారే అడుగుతుంది. ఆ జీవన ప్రమాణ పత్రాన్ని మేం ఈ గ్రూపులో రోజూ ఇస్తున్నాం. ఒంటరిగా ఉండే సుబేదారు గారి సూర్యోదయం బొమ్మ ఏడింటికి రాకపోతే, ఏడుంబావుకల్లా ఎవరో ఒకరు వెళ్లి తలుపు తడతారు. పిల్లలు డాలస్‌లో ఉన్న ఇళ్లకు ఇంతకన్నా చవకైన కాపలా ఉందా?

మా నేరమూ ఉంది. రూపాయి తేడా వస్తే రాత్రంతా లెక్కలు తిరగేసిన బ్యాంకు ఉద్యోగులం, మన జాతీయ గీతానికి యునెస్కో మొదటి బహుమతి ఇచ్చిందన్న అబద్ధాన్ని మాత్రం రెండో ఆలోచన లేకుండా పంపేస్తాం. పంపినవాడు మనవాడైతే చాలు, వోచరు అడగం.

మోసగాళ్లకు కావలసింది ఈ నమ్మకమే. యూనిఫాం కనిపిస్తే లేచి నిలబడే తరం మాది. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ‘మన్ కీ బాత్’లో ప్రధాని చెప్పారు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమన్నారు. అయినా వీడియో కాల్‌లో దొంగ పోలీసు గద్దిస్తే చెమటలు పడతాయి. ఎవరికీ చెప్పొద్దన్నది వాడి మొదటి షరతు. మీరూ అదే షరతు పెడితే మేం ఎవరిని అడగాలి?

కావున మా కోరికలు:

1. శుభోదయాలకు ఎనిమిదింటి దాకా అనుమతి. ఆ తర్వాత గులాబీ పూస్తే తుంచేయండి.

2. పదేపదే ఫార్వర్డైనట్టు జంట బాణాల గుర్తున్న ప్రతి మెసేజికీ, అది ఎక్కడిదో పంపినవారే చెప్పాలి.

3. “ఇది నిజమేనా?” అని అర్ధరాత్రైనా అడగొచ్చు.

మా పోస్టులకు మిమ్మల్ని బాధ్యుల్ని చేస్తారని జంకకండి. అడ్మిన్‌కు ఆ బాధ్యత ఉండదని 2022లో కేరళ హైకోర్టు తేల్చింది.

ఆదివారంలోగా తాళం తీయకపోతే, మేమంతా రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు మీకు విడివిడిగా శుభోదయం చెబుతాం. మాకు ఎలాగూ నిద్రపట్టదు.

ఇట్లు,
తమ విధేయులు,
కార్ఖానా పెన్షనర్లు