భేదిమందుకి పెద్దదిక్కు లేదు

మా రోజుల్లో భేదిమందు పుచ్చుకోవడమంటే ఇంట్లో ఓ కార్యం. ముహూర్తం పెట్టడమొక్కటే తక్కువ. బడి లేని ఆదివారం చూసేవాళ్లు. ముందురోజు రాత్రి తేలికపాటి భోజనం. తెల్లవారకముందే పిల్లల్ని లేపి, వెచ్చజేసిన ఆముదం గిన్నె ముందు పెట్టుకుని మా అమ్మమ్మ వసారాలో కూర్చునేది. పెద్దాడికి ఇంత, చిన్నాడికి ఇంత, మొన్ననే జ్వరం నుంచి లేచినవాడికి అసలు లేదు. ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగి, వెంటనే నిమ్మచెక్క చప్పరించాలి. మధ్యాహ్నం దాకా గడప దాటకూడదు. మధ్యమధ్య వేణ్ణీళ్లు తాగుతూ ఉండాలి. అంతా సర్దుకున్నాక మిరియాల చారన్నం, సాయంత్రం పల్చటి మజ్జిగ. పప్పూ ఆవకాయా మర్నాటి మాటే. ఎవరికి ఎన్నిసార్లయిందో ఇంటిల్లిపాదికీ తెలిసేలా లెక్క. అందులో సిగ్గూ లేదు, దాపరికమూ లేదు.

ఇప్పుడో? మందుల షాపు ముందు బండి దిగనైనా దిగకుండా "మోషన్ అవట్లేదు, ఏదన్నా ఇవ్వు బాబూ" అంటారు. ఆ కుర్రాడు చెవిలో ఫోను తియ్యకుండా ఓ మాత్రల అట్ట కత్తిరించి ఇస్తాడు. ఎవరికి, ఎన్నాళ్లనుంచి, వయసెంత, ఇంకేం మందులు వాడుతున్నారు, కడుపులో నొప్పుందా అని ఒక్క ముక్క అడిగితే ఒట్టు. అడిగితే మాత్రం మనవాళ్లు ఊరుకుంటారా? "నీకెందుకోయ్, ఇవ్వమన్నది ఇవ్వు" అంటారు. నా గోలంతా ఇదే. మందులు బాగుపడ్డాయి, అడిగేవాళ్లు పోయారు.

మా అమ్మమ్మకి అక్షరమ్ముక్క రాదు. ఆముదం మాత్రం ఇంట్లోనే తీసేది. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో గంటలకొద్దీ మరిగించి, పైకి తేలిన నూనె గరిటెతో తీసేది. అదే వంటాముదం. గింజలు పిల్లలకి అందకుండా అటక మీద పెట్టేది. నూనె తీశాక మిగిలిన ఆముదప్పిండి పొలానికి ఎరువుగా వెయ్యాలే తప్ప గొడ్డుకి పెట్టనిచ్చేది కాదు. ఆ గింజలో రైసిన్ అనే భయంకరమైన విషం ఉందనీ, అది నూనెలోకి రాదనీ, గట్టిగా మరిగిస్తే విరిగిపోతుందనీ ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పలేదు. కడుపుతో ఉన్నవాళ్లకి ఆముదం చుక్క పొయ్యకూడదన్నది ఆవిడ శాసనాల్లో మొదటిది. చిన్నపేగులోకి వెళ్లాక ఆముదం విరిగి రిసినోలిక్ ఆమ్లం బయటికొస్తుంది. పేగు కండరాన్ని బిగించే ఆ ఆమ్లమే అదే దారిలో గర్భసంచి కండరాన్నీ బిగిస్తుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. ముసలమ్మకి ఆ ముక్క ముందే తెలుసునని నేనంటే మా మనవడు నవ్వుతాడు. నవ్వనీండి.

ఇంకో శాసనం కూడా ఉండేది. కడుపునొప్పి ఉన్నవాడికి భేదిమందు పొయ్యకూడదు. నొప్పి తగ్గాక చూద్దామనేది. అపెండిక్స్ వాచి ఉన్నప్పుడో, పేగు మెలిపడి అడ్డం వచ్చినప్పుడో భేదిమందు పడితే ప్రాణం మీదికి వస్తుంది. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా కిందికి పోవడం లేదంటే మందుల షాపుకి కాదు, నేరుగా పెద్దాసుపత్రికే పరిగెత్తాలి. ఈ మాట ఇవాళ మాత్రల అట్ట వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. భూతద్దం ఉంటే చదువుకోవచ్చు.

అలాగని పాతదంతా బంగారమని నేను అనను. మలబద్ధకమే లేని పిల్లాడికి కడుపు శుభ్రమని నెలనెలా ఆముదం పట్టడమేమిటి? ఆ వంకతో పిల్లల్ని ఏడిపించడం తప్ప లాభమేమీ లేదు. చంటిపిల్లలకి ఉగ్గుగిన్నెతో ఆముదం పొయ్యడం మరీ ఘోరం. ఏడుస్తున్న బిడ్డ నోట్లో నూనె పోస్తే అది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము చేస్తుంది. ఆ నూనె నిమ్ము గురించి మన పిల్లల డాక్టర్లని అడగండి, కథలు చెబుతారు. మాటిమాటికీ "మా రోజుల్లో అందరూ పొలాల్లోకి వెళ్లేవాళ్లు, అందుకే ఆరోగ్యంగా ఉన్నారు" అనే ముసలాళ్లున్నారు చూడండి, వాళ్లంటే నాకు ఒళ్లుమంట. మగాళ్లు వెళ్లేవాళ్లు, చెంబు పట్టుకుని దర్జాగా. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఓర్చుకునేవాళ్లు. వచ్చినప్పుడు వెళ్లకుండా ఏళ్ల తరబడి ఆపుకుంటే పేగు ఆ పిలుపే మానేస్తుంది. మా అమ్మ తరం ఆడవాళ్ల బాధలో సగానికి మూలం అదే. ఇవాళ బడి దొడ్లు చూసి జడిసి, ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునే ఆడపిల్లలదీ అదే అవస్థ.

మా పక్కింట్లో రిటైర్డ్ తాసీల్దారు గారున్నారు. పొద్దున్న పార్కులో నాకు తోడు. నడిచేది కాసేపే, మిగతాదంతా మోషన్ పురాణం. రోజూ పొద్దున్నే కావాలి, కాకపోతే ఆ రోజు లోకం తలకిందులు. రోజుకి మూడుసార్లయినా, వారానికి మూడుసార్లే అయినా, ముక్కకుండా సుఖంగా అవుతుంటే అది మామూలేనని డాక్టర్లు మొత్తుకుంటారు. ఈయన వినరు. రాత్రి బిసకొడిల్ మాత్ర వేసుకుంటారు, అదీ వేడి పాలతో. ఆ మాత్రకి పైన పూత వేసేదే పొట్టలో కరక్కుండా పేగులోకి వెళ్లాక కరగాలని. పాలు తాగినా, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ దానితో కలిపినా ఆ పూత ముందే కరిగిపోయి కడుపులో మెలిపెడుతుంది. గంట ఎడం ఉండాలి. నమలకూడదు, విరవకూడదు. ఓరోజు తెల్లారేసరికి ఏమీ కాలేదని ఆయన ఇంకో రెండు వేసుకున్నారు. మధ్యాహ్నానికి మూడూ కలిసి పనిచేశాయి. సాయంత్రం కోడలు ఓఆర్ఎస్ కలిపి పట్టించింది. ఆ మాత్ర పనిచెయ్యడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. సరుకులు పది నిమిషాల్లో గుమ్మంలోకి రావచ్చు గానీ, పేగుకి ఆ తొందర లేదు. తొందరే కావాలంటే కిందినుంచి పెట్టే మందుబిళ్లలున్నాయి, గంటలోపు తేల్చేస్తాయి.

ఈ కాలపు ఇంకో జబ్బు "సహజం" అన్న మాట. డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటే చాలు, చెంచాలు లెక్కపెట్టరు. సన్నబడే టీ అని, కడుపు కడిగే టీ అని అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేది సునామకి ఆకే. తిరునల్వేలి పేరుతో దేశదేశాలకి ఎగుమతయ్యే పాత మందు అది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు విరగ్గొట్టాకే అది పనిచేస్తుంది, అందుకే రాత్రి వేసుకుంటే పొద్దున్నకి ఫలితం. నాలుగు రోజులకి మంచి మందే. రోజూ తాగితే తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. దాంతోపాటు ఉప్పులూ, పొటాషియమూ పోతాయి. బీపీకో, కాళ్లవాపుకో మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడేవాళ్లకి రెండువైపులా పొటాషియం పోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. ఆకే కదా అంటారు. గన్నేరూ ఆకే.

మొన్న మా మనవడి భార్య ఫోన్లో ఏదో రీలు చూసి బొడ్డులో ఆముదం వేసుకుని పడుకుంది. మలబద్ధకం పోతుందట! వేడి చేస్తే మాడుకీ బొడ్డుకీ ఆముదం అద్దడం మాకూ ఉంది గానీ, దానితో భేది అవుతుందని మా ఊళ్లో పిచ్చివాడు కూడా అనలేదు. తాగిన ఆముదం సంగతి వేరు, అద్దిన ఆముదం సంగతి వేరు తల్లీ అన్నాను. "తాతగారూ, అమెరికాలో అందరూ చేస్తున్నారు" అంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని ఊరికే అనలేదు పెద్దలు.

పోనీ ఇసబ్‌గోల్ అన్నా సరిగ్గా వాడతారా? గుజరాత్ ఊంఝా వైపు పండే గింజ మీది పొట్టు అది. నీళ్లు తాగి ఉబ్బి, మలాన్ని మెత్తబరుస్తుంది. నాకు తెలిసినవాటిలో సాధువైన మందు. కానీ దాని బలమంతా నీళ్లలోనే. చెంచాడు పొట్టు నోట్లో వేసుకుని, రెండు గుక్కల నీళ్లతో మింగి, వెంటనే పక్క ఎక్కితే ఆ ఉబ్బేదేదో గొంతులోనే ఉబ్బుతుంది. పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి గబగబా తాగెయ్యాలి, ఇంకో గ్లాసు తాగాలి, రోజంతా నీళ్లు పడుతూనే ఉండాలి. మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఇవ్వాలి. ఒక్క రాత్రికే ఏమీ కాలేదని దాన్ని తిట్టుకోకూడదు, రెండు మూడు రోజులు పడుతుంది. మింగడం కష్టమయ్యే ముసలివాళ్ళు దీని జోలికి పోకపోవడమే మేలు.

మా చిన్నప్పుడు ధర్మాసుపత్రి కాంపౌండరు సీసాకి కాగితం ముక్క అంటించి, మోతాదుకో గాటు కత్తిరించి ఇచ్చేవాడు. గాటు దాటి తాగితే మర్నాడు సీసా చూసి చివాట్లు పెట్టేవాడు. అందులో ఉండేది భేదిఉప్పే, అంటే మెగ్నీషియం సల్ఫేటు. ఇవాళ అదే మెగ్నీషియం ఇంకో రూపంలో తెల్లటి పాలలా, కమ్మని రుచితో సీసాల్లో వస్తోంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో ఆ మెగ్నీషియం బయటికి పోక పేరుకుంటుంది. కొన్ని సీసాల్లో పారఫిన్ నూనె కూడా కలుపుతారు. మంచంపట్టిన వాళ్లకి పడుకోబెట్టి అది తాగిస్తే, పసిబిడ్డకి ఆముదం పోసిన కథే మళ్లీ. ఫాస్ఫేట్ ఎనిమా గొట్టాలూ అంతే. ఒకటి పనిచెయ్యలేదని అదే రోజు రెండోది పెట్టొద్దని 2014లో అమెరికా మందుల శాఖ గట్టిగా హెచ్చరించింది. ముఖ్యంగా కిడ్నీ, గుండె జబ్బులున్న పెద్దవాళ్ల విషయంలో.

అసలు ఎందుకు కావడం లేదో అడగాలి కదా ముందు. మా అమ్మమ్మ మొదటి ప్రశ్న "నిన్నేం తిన్నావురా?" అనే. దంపుడు బియ్యం, జొన్నరొట్టె, తోటకూర, గోంగూర, జామకాయ తినేవాడికి ఆ ప్రశ్న అవసరమే ఉండేది కాదు. మల్లెపూవులాంటి పాలిష్ బియ్యం, మైదా రొట్టె, బిస్కెట్లు తిని, నీళ్లు తాగక, కుర్చీలోంచి లేవక మోషన్ కావట్లేదంటే ఎలా? టిఫినూ కాఫీ కడుపులో పడ్డాక పెద్దపేగు తనంతట తానే కదులుతుంది. ఆ పిలుపు వినకుండా ఆఫీసుకి పరిగెత్తుతారు. పరిగెత్తనివాళ్లు ఫోను పట్టుకుని దొడ్లోనే గంటసేపు కాపురం పెడతారు. దానికి మొలలు తోడు. కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద ఓ చిన్న పీట వేసుకుంటే గొంతుక్కూర్చున్నట్టే అయి దారి సాఫీ అవుతుంది. ఆ పీటకి నూట యాభై రూపాయలు పెట్టడానికి మనసు రాదు, మాత్రలకి మాత్రం వస్తుంది.

తాసీల్దారు గారి రహస్యం చివరికి మందుల సంచీలో దొరికింది. మోకాళ్ల నొప్పికి వాడే మాత్రలో ట్రమడాల్ ఉంది, పేగుని నిద్రపుచ్చే రకం. దానికి తోడు ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర. మూడూ మలాన్ని బిగించేవే. ఇన్నాళ్లూ ఆ మూడింటి మీద నాలుగోది మింగుతూ వచ్చారన్నమాట. ఇన్ని మాత్రలు కొన్నా ఏ షాపులోనూ ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం కాబట్టి, రక్తం పడుతోందా, బరువు తగ్గారా, నీరసంగా ఉందా అని డాక్టరు ముందు అడిగి, రక్తపరీక్ష రాసి, థైరాయిడ్ చూసి, పెద్దపేగు లోపలికి గొట్టం వేసి చూడాల్సి రావచ్చని కూడా చెప్పి, ఆ తరవాతే మందు రాశాడు. నొప్పి మాత్ర మార్చాడు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చాడు. పేగులోకి నీళ్లు పట్టి ఉంచే మందు అది. మెలిపెట్టదు, ఒకటి రెండు రోజుల్లో మెత్తగా పనిచేస్తుంది. లాక్టులోజ్ పాకమూ అదే జాతిది, కాకపోతే కొందరికి కడుపు ఉబ్బరిస్తుంది.

వారం తరవాత పార్కులో కనిపించారు. ఎలా ఉందండీ అన్నాను.

"అవుతోంది మాస్టారూ, రోజూ పొద్దున్నే అవుతోంది. కానీ ఇదేం మందండీ! కడుపులో గుడగుడ లేదు, మెలి లేదు, నాలుగుసార్లు పరిగెత్తడం లేదు. మందు పడినట్టే లేదు. మీ దగ్గర మంచి ఆముదం ఏమన్నా ఉందా?"